ఫోన్‌లో రష్యన్: మనిషి కనబడనప్పుడు భాష ఎందుకు కష్టమవుతుంది?

రష్యాలో వైద్యవిద్య చదువుతున్న తెలుగు విద్యార్థుల్లో చాలామంది బజారులో కూరగాయలు బేరమాడగలరు, హాస్టల్ అధికారికి తమ ఇబ్బంది చెప్పుకోగలరు, వార్డులో రోగిని నొప్పి ఎక్కడుందో అడిగి తెలుసుకోగలరు. అదే విద్యార్థులు తెలియని నంబరు నుంచి ఫోన్ మోగితే తీయడానికి వెనకాడతారు, లేదా తమకన్నా రష్యన్ బాగా వచ్చిన స్నేహితుడి చేతికి ఫోన్ ఇచ్చేస్తారు. రష్యా ప్రభుత్వం 2025 ఆగస్టులో వాట్సాప్, టెలిగ్రామ్ కాల్స్‌పై ఆంక్షలు పెట్టాక అక్కడి పనులకు మామూలు ఫోన్ కాల్ ప్రాధాన్యం మళ్ళీ పెరిగింది గనుక, ఈ వెనుకంజను చిన్న విషయంగా కొట్టిపారేయలేం.

ఎదురెదురుగా మాట్లాడేటప్పుడు మనం చెవితో మాత్రమే వినం. పెదవుల కదలిక, చేతి సైగ, మాట్లాడుతున్న చోటు, చూపిస్తున్న వస్తువు ఇవన్నీ సగం అర్థాన్ని ముందే అందిస్తాయి. ఫోన్ వాటన్నిటినీ తీసేసి ధ్వనిని మాత్రమే మిగులుస్తుంది. దానికి తోడు, చాలామంది ఫోన్ చేసే ముందు తాము చెప్పవలసిన వాక్యాలను కాగితం మీద రాసుకుని సిద్ధపడతారు గాని, వాటికి రాగల జవాబుల గురించి ఆలోచించరు. మొదటి వాక్యం చక్కగా చెప్పగానే అవతలి మనిషి వీరికి భాష బాగా వచ్చనుకుని మామూలు వేగంతో మాట్లాడతారు, సంభాషణ అక్కడే తెగిపోతుంది. నా అభిప్రాయంలో ఫోన్ రష్యన్ నేర్చుకోవడమంటే ప్రధానంగా రాగల జవాబులను నేర్చుకోవడమే. అదృష్టవశాత్తూ, ఫోన్‌లో వినిపించే జవాబులు ఎదుటి సంభాషణల్లో కన్నా చాలా పరిమితం.

(ఈ వ్యాసంలో రష్యన్ మాటలను వినిపించే తీరుకు దగ్గరగా తెలుగు లిపిలో రాశాను. ఆ భాషలోని మెత్తని హల్లులకూ (కాస్త ‘య’ కలిసినట్టు పలికేవి), ఇక్కడ ‘ఝ’ అని రాసిన ధ్వనికీ తెలుగులో సరిపోయే అక్షరాలు లేవు కాబట్టి, వాటిని రష్యన్ల నోట విని సరిచూసుకోవాలి.)

ముందుగా ధ్వని సంగతి చూద్దాం. సంప్రదాయ టెలిఫోన్ మార్గం సుమారు 300 నుంచి 3400 హెర్ట్‌జ్‌ల మధ్య ఉన్న ధ్వనిని మాత్రమే మోసుకొస్తుంది. ‘స’, ‘ఫ’ వంటి ఊష్మాలను వేరుచేసే గుర్తుల్లో ఎక్కువ భాగం అంతకన్నా పై స్థాయిలో ఉంటాయి కాబట్టి, అవి ఫోన్‌లో ఒకదానికొకటి దగ్గరగా వినిపిస్తాయి. 4జీ నెట్‌వర్క్ మీద నడిచే కాల్స్‌లో పరిధి పెరిగి స్పష్టత మెరుగైనా, రెండువైపులా ఆ సౌకర్యం ఉంటేనే ఆ మేలు అందుతుంది. రష్యన్‌లో మనల్ని ఎక్కువగా భయపెట్టే కఠిన హల్లులకూ మెత్తని హల్లులకూ ఉన్న తేడా మాత్రం పక్కనున్న అచ్చును పలికే తీరులో కూడా వినిపిస్తుంది గనుక ఫోన్‌లోనూ చాలావరకు నిలుస్తుంది. తెలుగువారికి ఇక్కడ ఒక అనుకూలత కూడా ఉంది. నాలుకను పళ్ళకు ఆనించి పలికే మన త, ద లే రష్యన్ త, ద లకు దగ్గరివి. కానీ ఇంగ్లీషు ద్వారా రష్యన్ నేర్చుకున్నవారు అలవాటుగా ట, డ లు పలుకుతారు. ‘టెలిఫోన్’ను ‘తిలిఫోన్’ అని పలకగలిగినవారి మాట ఫోన్‌లో ఎంతో తేలికగా అర్థమవుతుంది.

ధ్వనికన్నా లోతైన చిక్కు ప్రశ్నను గుర్తుపట్టడంలో ఉంది. తెలుగులో అవును, కాదు అని జవాబు కోరే ప్రశ్నకు చివర ‘ఆ’ చేరుతుంది: లేనా అనే అమ్మాయి గురించి ‘లేనా ఇంట్లో ఉంది’ అంటే సమాచారం, ‘లేనా ఇంట్లో ఉందా’ అంటే ప్రశ్న. రోజువారీ రష్యన్‌లో ఇలాంటి ప్రశ్నకు ప్రత్యేకమైన ప్రత్యయం గాని, పదాల క్రమంలో మార్పు గాని దాదాపుగా ఉండదు. ‘ల్యేన దోమ’ (లేనా ఇంట్లో) అన్న రెండు మాటలే సమాచారమూ అవుతాయి, ప్రశ్నా అవుతాయి. సమాచారమైతే ‘దో’ దగ్గర గొంతు దిగుతుంది. ప్రశ్నైతే అదే ‘దో’ దగ్గర గొంతు ఒక్కసారిగా పైకి లేచి, ‘మ’ దగ్గర మళ్ళీ కిందికి పడుతుంది. ఆ పైకి లేవడం ‘ల్యే’ మీదికి మారితే ప్రశ్న కూడా మారుతుంది. అప్పుడది ‘ఇంట్లో ఉన్నది లేనాయేనా’ అని అడిగినట్టు. అంటే తెలుగులో మనం ‘ఆ’ను ఒక మాట నుంచి మరో మాటకు మార్చి చేసే పనిని రష్యన్లు గొంతును ఎత్తే చోటు మార్చి చేస్తారు. భాషాశాస్త్రవేత్త యెలేనా బ్రిజ్‌గునోవా రష్యన్ స్వరగతులను, అంటే వాక్యంలో గొంతు లేచి దిగే తీరులను, 7 రకాలుగా వర్గీకరించారు. విదేశీయులకు రష్యన్ బోధించే పాఠాలలో ఆ వర్గీకరణ బాగా స్థిరపడింది, పైన చెప్పిన ప్రశ్న అందులో మూడోది. ఎదుటనున్న మనిషి ప్రశ్న అడిగినప్పుడు జవాబు కోసం ఆగి మన ముఖంలోకి చూస్తారు కాబట్టి మనకు తెలిసిపోతుంది. ఫోన్‌లో ఆ చూపు ఉండదు. ఫోన్‌లో తెలుగు విద్యార్థి మౌనంగా ఉండిపోయే సందర్భాలు చాలావరకు ఇలా పుట్టేవే: అడిగింది ప్రశ్న అని అతనికి తెలియదు. కొన్నాళ్ళపాటు కేవలం ఇలాంటి జంట వాక్యాలను విని, ఏది ప్రశ్నో ఏది కాదో చెప్పే అభ్యాసం చేస్తే, కొత్త పదాలు వంద నేర్చుకున్నదానికన్నా ఎక్కువ లాభం కలుగుతుంది.

ఇక సంభాషణలోకి వద్దాం. ఫోన్ తీసినవారు ‘అల్యో’ అంటారు, లేదా ‘దా’ (అవును), లేదా ‘స్లూషయు’. ఈ మూడోదానికి వింటున్నానని అర్థం. మనం ఫోన్ తీసి ‘చెప్పండి’ అనడానికి ఇది సరిగ్గా జోడు. ఒంటి ‘దా’ తెలుగు చెవికి విసుగుగా తోస్తుంది గాని, అందులో విసుగేమీ లేదు. తర్వాత కావలసిన మనిషిని అడగాలి: ‘మోఝ్న ఇవాన పిత్రోవిచ?’ ఇవాన్ పిత్రోవిచ్ అన్న పేరు ఇక్కడ ద్వితీయా విభక్తిలోకి మారింది. మనం ‘ఇవాన్ గారిని పిలుస్తారా’ అన్నప్పుడు చేరే ‘ని’ ఇదే. ఫోన్ చేయడం అన్న క్రియకు మాత్రం రష్యన్‌లో చతుర్థి వస్తుంది: ‘పజ్వనీ మామ్యె’ అంటే ‘అమ్మకు ఫోన్ చెయ్యి’. ఇంగ్లీషు వాక్యాన్ని మనసులో పెట్టుకుని అనువదించేవారు ఇక్కడ తప్పుతారు. తెలుగు వాక్యాన్ని పెట్టుకున్నవారికి ‘ని’ ఉన్నచోట ద్వితీయ, ‘కు’ ఉన్నచోట చతుర్థి వాటంతటవే కుదురుతాయి. రష్యన్ పాఠాలను ఇంగ్లీషు మీదుగా చెప్పే మన అలవాటు ఇలాంటి అనుకూలతలను వృథా చేస్తోందని నేను గట్టిగా నమ్ముతాను. ఈ క్రియ గురించే మరొక్క మాట: ప్రామాణిక రష్యన్‌లో ఊనిక చివర పడి ‘జ్వనీత్’ అవుతుంది, ‘జ్వోనిత్’ అనడాన్ని చదువుకున్నవారు తప్పుగా ఎంచుతారు.

గౌరవించవలసినవారిని పేరుతోపాటు తండ్రిపేరు కలిపి పిలవడం రష్యన్ల పద్ధతి, అది మన ‘గారు’ చేసే పని చేస్తుంది. ‘నువ్వు, మీరు’ భేదం కూడా ‘తీ, వీ’ రూపంలో అక్కడ ఉంది కాబట్టి, మర్యాద విషయంలో తెలుగువారు కొత్తగా నేర్చుకోవలసింది తక్కువే. పేర్లు వేగంగా పలికినప్పుడు కుదించుకుపోవడమే వినడానికి అడ్డు. అలెక్సాందర్ అలెక్సాంద్రోవిచ్ అన్న నిండు పేరు మాటల్లో ‘సాన్ సానిచ్’ అయిపోతుంది. పలకరింపు ‘జ్ద్రాస్త్వుయ్‌త్యె’ కాస్తా ‘జ్ద్రాస్త్యె’గా మిగులుతుంది.

అడిగిన మనిషి లేకపోతే వచ్చే జవాబును కాస్త నిలిచి గమనించాలి. ‘యివో స్యిచాస్ న్యెత్’ అంటే ఆయన ఇప్పుడు లేరని. దాని వెంట వచ్చే క్రియను బట్టి మనం ఏం చేయాలన్నది తేలుతుంది. ‘అతషోల్’ అంటే ఇప్పుడే పక్కకు వెళ్ళారు, కాసేపట్లో వస్తారు, లైన్‌లోనే ఆగవచ్చు. ‘వీషెల్’ అంటే గదిలోంచో భవనంలోంచో బయటికి వెళ్ళారు, కొంతసేపు ఆగి మళ్ళీ చేయాలి. ‘ఉషోల్’ అంటే వెళ్ళిపోయారు, ఇక ఆరోజు దొరకకపోవచ్చు. ‘ఉయేఖల్’ అంటే వాహనంలో వెళ్ళిపోయారు, బహుశా ఊళ్ళోనే లేరు. స్త్రీ గురించైతే ఇవే ‘అతష్లా, వీష్లా, ఉష్లా, ఉయేఖల’ అవుతాయి. మొదటి మూడూ నడకకు సంబంధించిన ఒకే ధాతువు నుంచి వచ్చినవి, తేడా అంతా ముందు చేరిన ఉపసర్గలో ఉంది. ఫోన్‌లో ముందుగా చెదిరిపోయేది ఆ చిన్న ముక్కే. వ్యాకరణ పుస్తకాలు గమన క్రియలను పటాలు గీసి నెలల తరబడి నేర్పుతాయి, కానీ ఫోన్ చేసేవారికి ముందుగా అక్కరకొచ్చేవి ఈ నాలుగే. ఆ వెంటనే అవతలివారు ‘ష్తో యిము పిరిదాత్’ అంటారు, ఏమని చెప్పమంటారని. లేదా మొదట్లోనే ‘ఆ క్తో యివో స్ప్రాషివయెత్’ అని, అడుగుతున్నదెవరని ఆరా తీస్తారు. ఇవి మర్యాదైన ప్రశ్నలే, వీటికి జవాబు సిద్ధంగా ఉంచుకోవాలి.

నంబర్ల విషయంలో మన అలవాటు, వాళ్ళ అలవాటు బొత్తిగా వేరు. మనవాళ్ళు ఫోన్ నంబరును ఒక్కో అంకె చొప్పున, చాలావరకు ఇంగ్లీషులో, ‘డబుల్’, ‘ట్రిపుల్’ చేర్చుకుంటూ చెబుతారు. రష్యన్లు దేశ సంకేతం 7 లేదా దేశంలోపల వాడే 8 తర్వాత వచ్చే పది అంకెలను మూడు, మూడు, రెండు, రెండుగా విడదీసి, ప్రతి ముక్కనూ ఒక సంఖ్యగా చదువుతారు: తొమ్మిది వందల ఇరవై ఆరు, నూట ఇరవై మూడు, నలభై ఐదు, అరవై ఏడు అన్నట్టు. పైగా వేగంగా పలికినప్పుడు యాభై అన్న ‘పిదిస్యాత్’ ‘పిస్యాత్’గా, అరవై అన్న ‘షిజ్దిస్యాత్’ ‘షిస్యాత్’గా కుదించుకుపోతాయి. అప్పుడు తేడా ఒక్క హల్లులో మిగులుతుంది. ‘ద్యేవిత్’ తొమ్మిది, ‘ద్యేసిత్’ పది. ‘ద్వినాత్సత్’ పన్నెండు, ‘దివిత్నాత్సత్’ పంతొమ్మిది. ఈ అయోమయం రష్యన్లకూ తెలుసు. అందుకే రేడియోలో మాట్లాడేవారు యాభైకి బదులు వందలో సగం అనే అర్థమొచ్చే మాట వాడతారు. మనం చేయదగినది, కాగితం మీద మూడు, మూడు, రెండు, రెండు గళ్ళు ముందే గీసుకోవడం, అప్పటికీ అందకపోతే ‘ప అద్నోయ్ త్సీఫ్రె, పఝాలుస్త’ అని, దయచేసి ఒక్కో అంకె చెప్పండని కోరడం.

సమయం ఇంకా మోసం చేస్తుంది. తెలుగులో ఒకటిన్నర అంటే గడిచిన గంటకు అర చేర్చినట్టు. రష్యన్లు నడుస్తున్న గంట పేరు పెట్టి లెక్కిస్తారు: ‘పల్ ఫ్తరోవ’ అంటే రెండో గంటలో సగం, అంటే 1:30. అందులో రెండు అన్న మాట విని రెండున్నరకు వెళ్ళినవారికి అపాయింట్‌మెంట్ పోతుంది. ‘ద్వాత్సత్ మినూత్ త్రేత్యెవ’ అంటే మూడో గంటలో ఇరవై నిమిషాలు, మన లెక్కలో 2:20. తేదీలకూ ఇవే రూపాలు రావడం వల్ల ‘ఫ్తరోవ’ అన్న మాట ఒకచోట రెండో తేదీ అవుతుంది, మరోచోట రెండో గంట అవుతుంది. రష్యాలో 11 కాల మండలాలున్నాయన్నది కూడా మరవకూడదు. కజాన్‌లో మాస్కో సమయమే, ఓరెన్‌బుర్గ్‌లో దానికి రెండు గంటలు ముందు. వేరే ఊరికి ఫోన్ చేసి సమయం కుదుర్చుకునేటప్పుడు ‘ప మస్కోఫ్స్కము’ అంటే మాస్కో కాలమానం ప్రకారమని తెలిసి ఉండాలి.

ఇవన్నీ ఒకచోట చేరే సందర్భం ఆసుపత్రికి చేసే ఫోన్. ఒక విద్యార్థిని పాలీక్లినిక్‌కు ఫోన్ చేసిందనుకుందాం. ‘రిగిస్త్రతూర, స్లూషయు’ అని, నమోదు విభాగం, వింటున్నాను అని అటునుంచి వినిపిస్తుంది. ఆమె తనను జనరల్ డాక్టరు దగ్గరికి నమోదు చేయమని ‘జపిషీత్యె మిన్యా, పఝాలుస్త, క్ తిరప్యేఫ్తు’ అంటుంది. ఇక వరుసగా ముక్కలే: ‘ఫమీలియ?’ అంటే ఇంటిపేరు. ‘గోత్ రఝ్ద్యేనియ?’ అంటే పుట్టిన సంవత్సరం. ‘పోలిస్ యేస్త్?’ అంటే బీమా పాలసీ ఉందా అని. పాఠ్యపుస్తకంలోని నిండు వాక్యాల కోసం ఎదురుచూసే విద్యార్థినికి ఈ ఒంటిమాటలు చీవాట్లలా తోస్తాయి. నిజానికి వరుసలో ఇంకా ఎందరో ఉన్నారు గనుక ఆ ఉద్యోగిని అలా మాట్లాడుతోంది, అంతే. ఇంటిపేరు ‘రెడ్డి’ అనగానే ‘ప బూక్వమ్’ అంటుంది, అక్షరాలు విడదీసి చెప్పమని. రష్యన్లు అక్షరాలను మనుషుల పేర్లతో చెబుతారు కాబట్టి, రెడ్డి అన్న పేరు ‘రమాన్, యిల్యేన, ద్మీత్రియ్, ద్మీత్రియ్, ఇవాన్’ అవుతుంది. తమ ఇంటిపేరునూ పేరునూ ఇలా తడుముకోకుండా చెప్పగలగడం ప్రతివారూ మొదటి వారంలోనే సాధించాలి. మన ‘హ’కు రష్యన్‌లో సరైన అక్షరం లేదు, హైదరాబాద్ అక్కడ ‘ఖైదరబాద్’ అయింది, హిమాలయాలు ‘గిమలాయి’ అయ్యాయి. కాబట్టి పేరులో ‘హ’ ఉన్నవారు తమ వీసా మీద రష్యన్ లిపిలో ఏ అక్షరం ముద్రించారో చూసి దాన్నే చెప్పాలి, లేకపోతే రికార్డులో పేరు దొరకదు.

చివరికి ఉద్యోగిని ‘న ఫ్తరోయె, పల్ ఫ్తరోవ, ఉదోబ్న?’ అంటుంది. రెండో తేదీ, ఒకటిన్నర, వీలవుతుందా అని. ఇక్కడ తెలివైన జవాబు ‘దా’ ఒక్కటే కాదు. విన్నదాన్ని వేరే రూపంలో తిరిగి చెప్పాలి: ‘యా ప్రావిల్న పన్యలా, ఫ్తరోవ చిస్లా, చాస్ త్రీత్సత్?’ అంటే, సరిగ్గానే అర్థం చేసుకున్నానా, రెండో తేదీ ఒకటి ముప్పై అని. (అబ్బాయైతే ‘పోన్యల్’ అనాలి.) విన్న మాటనే తిరిగి అంటే చెవి చేసిన తప్పు నోట కూడా అలాగే ఉంటుంది, ‘పల్ ఫ్తరోవ’ను ‘చాస్ త్రీత్సత్’గా మార్చి చెప్పినప్పుడే పొరపాటు బయటపడుతుంది. ఫోన్ రష్యన్‌లో ఒక్క నైపుణ్యమే నేర్పాలంటే నేను దీన్నే ఎంచుకుంటాను.

అర్థం కానప్పుడు ‘న్యి పనిమాయు’, అర్థం కావడం లేదు, అని ఊరుకోవడం వల్ల లాభం లేదు, ఎందుకంటే ఏది అందలేదో అవతలివారికి తెలియదు. అందని ముక్కనే అడగాలి: ‘వ స్కోల్క?’ ఎన్నింటికి? ‘ఫ్ కకోమ్ కబిన్యేత్యె?’ ఏ గదిలో? వేగం ఎక్కువైతే ‘పమ్యేద్లినియె, పఝాలుస్త’, కాస్త నెమ్మదిగా. లైన్ బాగాలేకపోతే ‘వాస్ ప్లోఖ స్లీష్న’, మీ మాట సరిగా వినిపించడం లేదు. మొదట్లోనే ‘యా ఇనస్త్రాన్క’, నేను విదేశీయురాలిని, అని చెప్పుకోవడంలో చిన్నతనం లేదు. చాలామంది వెంటనే వేగం తగ్గిస్తారు. మధ్యమధ్య ఊ కొట్టడం అక్కడా అవసరమే. మౌనంగా వింటే ‘అల్యో, వీ మిన్యా స్లీషిత్యె’ అని, వినిపిస్తోందా అని అడుగుతారు. అయితే ఊ కొట్టడానికి ‘దా’ వాడితే ఒప్పుకున్నట్టు తీసుకునే ప్రమాదముంది. ‘తాక్’ అంటే వింటున్నాను, కానివ్వండి అన్నంతవరకే.

మనం ఎత్తేలోపు ఆగిపోయిన కాల్‌కు తిరిగి చేసేటప్పుడు ‘మ్న్యే జ్వనీలి స్‌ఎతవ నోమిర’, ఈ నంబరు నుంచి నాకు ఫోన్ వచ్చింది, అన్న వాక్యం చాలు. పొరపాటు నంబరైతే ‘వీ అషీబ్లిస్ నోమిరమ్’ అని వినిపిస్తుంది, ‘ఇజ్వినీత్యె’, క్షమించండి, అని పెట్టేయవచ్చు. యంత్రం పలికే సూచనలు అన్నిటికన్నా తేలిక. ఎన్నిసార్లయినా విసుగులేకుండా అదే స్పష్టతతో పలుకుతాయి కాబట్టి మొదటి అభ్యాసానికి అవే మంచివి. ఆ తర్వాత దుకాణాలకు ఫోన్ చేసి ‘వీ ద కతోరవ చాస రబోతయెత్యె’, ఎన్నింటివరకు తెరిచి ఉంటారు, అని అడగడం మొదలుపెట్టవచ్చు. జవాబు సమయమే అయివుంటుందని ముందే తెలుసు గనుక చెవి దానికోసమే కాచుకుంటుంది.

సంభాషణ ముగింపు రష్యన్‌లో త్వరగా వస్తుంది. ‘ను ఫ్స్యో’, ‘లాద్న’, ‘ఖరషో’ అన్న మాటలు వినబడితే ఇక ముగిస్తున్నారని అర్థం; అప్పుడు కొత్త విషయం ఎత్తకూడదు. స్నేహితులైతే ‘ను, దవాయ్’ అని పెట్టేస్తారు. ‘మీరు’ అనవలసినవారితో ‘ఫ్సివో దోబ్రవ’ లేదా ‘ద స్విదానియ’ అనాలి.

బ్యాంకు భద్రతా విభాగమనో, పోలీసులమనో, యూనివర్సిటీ డీన్ కార్యాలయమనో చెప్పి ఎస్సెమ్మెస్‌లో వచ్చిన కోడ్ అడిగే మోసగాళ్ళు రష్యాలోనూ ఎక్కువే. భాష పూర్తిగా రానివారు మర్యాద కోసం వింటూ ఉండిపోవడం వాళ్ళకు కలిసొస్తుంది. ‘యా సమా పిరిజ్వన్యు’, నేనే తిరిగి చేస్తాను, అని పెట్టేసి అసలు కార్యాలయం నంబరుకు మనమే చేయాలి. అబ్బాయి ‘సమా’ బదులు ‘సామ్’ అంటాడు.

అత్యవసర నంబర్లు 112, అంబులెన్స్‌కు నేరుగా 103. ఆ ఫోన్‌లో ఏం జరిగిందన్న ప్రశ్నతోపాటే చిరునామా అడుగుతారు, అదీ అక్కడి వరుసలోనే: వీధి, ఆపైన ‘దోమ్’, అంటే ఇంటి నంబరు, ‘కోర్పుస్’, అంటే బ్లాకు, ‘పద్యేస్త్’, అంటే ఏ గుమ్మం, ‘ఇతాష్’, అంటే అంతస్తు, ‘క్వర్తీర’, అంటే ఫ్లాటు, చివరగా గుమ్మం తలుపు దగ్గరి దమఫోన్ (లోపలివారిని పిలిచే యంత్రం) కోడ్. గుమ్మం, కోడ్ తెలియకపోతే అంబులెన్స్ ఇంటి ముందుకొచ్చి కూడా లోపలికి రాలేదు. రష్యాలో గది దొరికిన రోజునే ఈ వరుసను రష్యన్‌లో రాసి గోడకు అంటించుకుని, పక్కవారిని అటువైపు మనిషిగా ఉంచి, ఒకరి ముఖం ఒకరికి కనబడకుండా కూర్చుని చెప్పి చూసుకోవాలి.